వైతికుప్పంలో ఒక ముసలి గుర్రం

పుదుచ్చేరి పట్టణంలో ఫ్రెంచివారు గీటుపెట్టి గీసినట్లు తీర్చిన వీథులు ఉత్తర దిశగా కొంతదూరం సాగి, ఒకచోట ఆ తిన్నదనాన్ని విడిచిపెడతాయి. అక్కడి నుంచి కురుచుకుప్పం, వైతికుప్పం. ఇవి జాలరుల పేటలు. ఇళ్ళ ముందు వలలు, అరుగుల మీద ఎండుచేపలు, గోడలకు ఆనించిన తెడ్లు కనిపిస్తాయి. సంవత్సరంలో ఒక్కనాడు, తమిళ మాసి నెలలో మఖ నక్షత్రం వచ్చినప్పుడు, వైతికుప్పం తీరం దేవతల రేవుగా మారుతుంది. మైలం సుబ్రహ్మణ్యస్వామి మొదలుకొని చుట్టుపక్కల ఊళ్ళలోని ఆలయాల ఉత్సవమూర్తులు పల్లకీల మీద, వాహనాల మీద తీర్థవారికి ఇక్కడికి వేంచేస్తారు. ఆ జనసమ్మర్దంలో కొయ్యగుర్రాలు కూడా వస్తాయి. వాటికి రంగులు వేస్తే చాలు, మేత అక్కరలేదు.

మేత అక్కర ఉన్న గుర్రం ఒకటి ఆ పేట అంచున, ఒక తాటాకు సాలలో ఉన్నది. అది బూడిదవన్నె నాటుగుర్రం, ఆడది. నుదుట తెల్లని మచ్చ ఉన్నందున దాని పేరు చుక్క. యజమాని డెబ్బై దాటిన వృద్ధుడు. ఆయన తాతలు నెల్లూరు ప్రాంతం నుంచి చెన్నపట్నం చేరి జట్కా తోలుకొని బ్రతికినవారు. తండ్రి కాలంలో జట్కాలకు గిరాకీ తగ్గి, కుటుంబం దక్షిణంగా జరిగి పుదుచ్చేరి చేరింది. ఇంట్లో మాట్లాడే తెలుగులో మూడవవంతు అరవం. గుర్రంతో మాత్రం ఆయన అచ్చమైన తెలుగులోనే మాట్లాడతాడు. బహుశా అది ఆయన తండ్రి గుర్రాలతో మాట్లాడిన తెలుగు కావచ్చును. కొడుకు వృత్తి మార్చుకొని, జాలరి కుటుంబంలో పెళ్ళి చేసుకొని, మామగారి పడవ మీద సముద్రానికి వెడుతున్నాడు. కోడలు చేపలు అమ్ముతుంది. పదకొండేళ్ళ మనుమడు బడికి వెడతాడు.

చుక్క ఇరవై ఏళ్ళపాటు ఆ ఇంటికి అన్నం పెట్టిందంటే అతిశయోక్తి కాదు. పెళ్ళి ఊరేగింపుల్లో వరుణ్ణి మోసింది. ఉత్సవాల్లో మేళగాళ్ళ ముందు నడిచింది. ఆదివారాల్లో ఇసుక మీద పిల్లలను ఎక్కించుకొని తిరిగింది. ఆ ఇసుక క్రమంగా లేకపోయింది. 1980వ దశకం చివర పట్టణానికి దక్షిణాన నౌకాశ్రయపు అడ్డుగోడలు నిర్మించిన తరువాత, తీరం వెంబడి ఉత్తరానికి కదిలే ఇసుక అక్కడే నిలిచిపోయి, ఉత్తరపు కుప్పాల ముంగిళ్ళను సముద్రం కోసివేసింది. దాని స్థానంలో బండరాళ్ళు పేర్చారు. బండల మీద గుర్రం నడవదు. అందుచేత చుక్కకు విశ్రాంతి వయసు వల్ల కొంత, సముద్రం వల్ల కొంత సంక్రమించింది. ఇప్పుడు దాని వయసు ఇరవై అయిదుకు అటూ ఇటూ ఉంటుంది. మనుష్యుల లెక్కలో దాన్ని పింఛను తీసుకొనే వయసుగా భావించవచ్చు.

ఈశాన్య ఋతుపవనం వెనుదిరిగిన ఒక పుష్యమాసంలో ఆ గుర్రం చిక్కిపోతున్న సంగతి బయటపడింది. వానాకాలమంతా సాలలోనే కట్టి ఉంచడంవల్లా, వీపున గోనెపట్టా కప్పి ఉంచడంవల్లా ఎవరూ గమనించలేదు. పట్టా తీసేసరికి పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కకు వచ్చాయి. తోకమొదట రెండు వైపులా గుంటలు పడ్డాయి. మెడ పలచబడి, వెన్ను దూలంలాగా పైకి తేలింది. పొట్ట మాత్రం కిందికి జారి ఉన్నందున, దూరం నుంచి చూచేవారికి అది బాగానే తిన్న గుర్రంలాగా కనిపించేది.

వృద్ధుడికి తెలిసిన వైద్యం ఒక్కటే: ఇంకా పెట్టడం. జట్కా తోలేవారి ఇళ్ళలో గుర్రం బలమంటే ఉలవలే. ఉడికించిన ఉలవలకు గుగ్గిళ్ళనే పేరుంది. ఆ ఉడికిన నీరే చిక్కబడి ఉలవచారు అయినదని చెబుతారు. పశువుకు గింజ, మనిషికి నీరు దక్కిన ఆ పంపకంలో మనిషి నష్టపోయినట్లు కనిపించదు. చుక్కకు పూటకు పెట్టే గుగ్గిళ్ళను ఆయన ఒక్కసారిగా రెట్టింపు చేశాడు. పైన తవుడు కలిపాడు. మూడవనాటి రాత్రి గుర్రానికి కడుపునొప్పి పట్టుకున్నది. అది నేల మీద పడి పొర్లుతూ, తల తిప్పి డొక్కను చూచుకొంటూ, మళ్ళీ లేస్తూ ఉండగా, ఆయన కళ్ళెం పట్టుకొని తెల్లవారేదాకా వీథిలో నడిపించాడు. ఆ రాత్రి గడిచింది. గుర్రం బ్రతికింది. చిక్కడం ఆగలేదు.

పేటలోని వారు తలకొక సలహా ఇచ్చారు. తమిళంలో ఒక సామెత ఉన్నది: చిక్కినవానికి నువ్వులు, బలిసినవానికి ఉలవలు. దానిని ఒక పొరుగామె గుర్తుచేసి, ముందు ఉలవలు మానమని చెప్పింది. మరొకరు బెల్లమన్నారు, ఇంకొకరు చేపనూనె అన్నారు. తాడు, బేరం రెండూ వెంట తెచ్చుకొన్న ఒక వ్యాపారి, ఇటువంటి వాటిని తాను కొంటానన్నాడు. ఎక్కడికి తీసుకుపోతావని అడిగితే, లారీ ఉన్నదని మాత్రమే చెప్పాడు. ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ మాట అందరికీ అర్థమయింది.

నిజానికి అమ్మివేయమని అంతకుముందు నుంచీ అంటున్నది కోడలే. చేపల గంప మోసి తెచ్చిన డబ్బులో గుర్రానికి ఎంత పోతున్నదో ఆమె వేళ్ళ మీద చెప్పగలదు. ఆమె వాదాన్ని కఠినమనడానికి వీలు లేదు. పని లేని నోటికి, పనిచేసే చేతుల సంపాదనలో వాటా ఎంత అన్న ప్రశ్నను కరువు చూచిన సంసారాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు వేసుకొన్నవే. అయితే వ్యాపారి వచ్చిపోయిన మరునాడు సాల ఊడుస్తున్నప్పుడు ఆమె చీపురుకు తడిగా, పాచిరంగులో ఉన్న గడ్డి ఉండలు తగిలాయి. నిమ్మకాయ పరిమాణంలో ఉన్న వాటిని మొదట పేడగా భావించింది. ఒకటి విప్పి చూస్తే సగం నమిలిన గడ్డి.

“మామా, ఇది తినటం లేదు. నమిలి ఉమ్మేస్తా ఉంది. చూడండి” అన్నది ఆమె.

నలభై ఏళ్ళు గుర్రాలను మేపినవాడు ఆ ఉండలను రోజూ తొక్కుతూనే ఉన్నాడు. చూచింది మాత్రం అమ్మమన్న మనిషి.

పశువైద్యురాలు వచ్చి మొదట మేత గురించి ఏమీ అడగలేదు. గుర్రం నోరు తెరిపించి, నాలుకను ఒక పక్కకు లాగి పట్టుకొని, దీపం వేసి చూచింది. గుర్రం పళ్ళు మన పళ్ళవంటివి కావు. దవడలో నిలువునా దాగి ఉన్న పొడవైన పళ్ళు, అరిగినకొద్దీ ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పైకి జరుగుతూ ఉంటాయి. ఇరవై అయిదేళ్ళు దాటేసరికి జరగడానికి మిగిలింది చాలా తక్కువ. పై దవడ కింది దవడకంటె వెడల్పు గనుక పళ్ళు సమంగా అరగవు. పైవాటి వెలుపలి అంచులు, కిందివాటి లోపలి అంచులు కత్తుల్లా తేలి బుగ్గనూ నాలుకనూ కోస్తాయి. చుక్క బుగ్గలో రెండు పుండ్లు ఉన్నాయి. వెనుక దవడపన్ను ఒకటి ఊగుతున్నది. మత్తుమందు ఇచ్చి ఆ పన్ను తీసివేసి, మొనలను ఆకురాయితో రాశారు. అయితే నునుపుగా రాయలేదు. పడుచుగుర్రానికి చేసినట్లు చేస్తే ముసలిదానికి నమలడానికి ఏమీ మిగలదని ఆమె చెప్పింది.

ఆ తరువాత పేడ పరీక్ష, పురుగుల మందు, మూత్రపిండాల కోసం రక్తపరీక్ష జరిగాయి. ముసలి గుర్రాలకు మెదడు అడుగుభాగంలోని గ్రంథి చెడి, ఎండాకాలంలో కూడా రాలని పొడవైన బొచ్చు, మితిమీరిన దాహం, కండరాలు కరగడం కలుగుతాయి. అటువంటి లక్షణాలు దీనికి లేవు. ఇవన్నీ చూడకుండా బలానికని ఏది పెట్టినా, చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే.

మేత మాట అప్పుడు వచ్చింది. మనుమడు బడిలో వాడే కొలత టేపు తెచ్చాడు. ముందు కాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలత 142 సెంటీమీటర్లు, భుజం మొన నుంచి పిరుదు మొన వరకు 145. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే బరువు కిలోలలో సుమారుగా తేలుతుంది. పిల్లవాడు లెక్క చేసి 246 అన్నాడు. వృద్ధుడు ఆ అంకెను పట్టించుకోక, పక్కటెముకల మీద అరచేయి ఆనించి చూచాడు. దీనిలో చాదస్తమేమీ లేదు. 1983లో అమెరికాలో హెన్నెకె అనే శాస్త్రజ్ఞుడు సహచరులతో కలసి రూపొందించిన, నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్న తొమ్మిది మెట్ల కొలమానం కూడా మెడ, భుజం వెనుక, మూపు, పక్కటెముకలు, నడుము, తోకమొదలు అనే ఆరు చోట్ల చేతితో తడిమి చూడడం మీదనే ఆధారపడింది. చుక్క ఆనాడు రెండవ మెట్టున ఉన్నది.

గుర్రం కడుపు చిన్నది, పేగు పెద్దది. అది ఆవులాగా నెమరు వేయదు. గడ్డిని పులియబెట్టి జీర్ణం చేసే సూక్ష్మజీవులు దాని వెనుక పేగుల్లో ఉంటాయి. గింజలు ఒకేసారి ఎక్కువగా పడితే ముందు పేగుల్లో అరగని పిండిపదార్థం అక్కడికి చేరి, ఆమ్లం పుట్టి, కడుపునొప్పికీ గిట్టల వాపుకూ దారితీస్తుంది. ఆనాటి రాత్రి వీథిలో జరిగింది ఇదే. కనుక ఉలవలు మానవలసిన పని లేదు, రెట్టింపు చేయకూడదు. రోజుకు కిలోకు మించకుండా, మెత్తగా ఉడికించి, చిదిమి, నాలుగు పూటలుగా పంచి పెట్టాలి. పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు ఉడకడంవల్ల పోతాయి గనుక, గుగ్గిళ్ళు వండిన పూర్వులు తెలిసే వండారో తెలియక వండారో గాని, సరిగానే వండారు.

తవుడు విషయంలో మాత్రం పూర్వుల పద్ధతిని సవరించవలసి వచ్చింది. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. దానినే నమ్ముకొని మేపితే శరీరం సున్నం కోసం సొంత ఎముకలను కరిగించుకొంటుంది. మొగం ఎముకలు ఉబ్బి తల పెద్దదవుతుంది. పిండిమరల వద్ద మేపిన గుర్రాలలో ఎక్కువగా కనిపించినందున పాశ్చాత్యులు దీనిని మరవాని జబ్బు అనేవారు. అందుచేత తవుడును గుప్పెడుకు తగ్గించి, పశువుల మేతకు పనికివచ్చే సున్నపురాతి పొడి కలపమన్నారు. దానితోపాటు లూసర్న్ ఆకును సన్నగా తరిగి నానబెట్టి పెట్టమన్నారు. దానికి తమిళంలో ‘కుదిరై మసాల్’ అని గుర్రం పేరే ఉన్నది. లూసర్న్‌లో సున్నమూ మాంసకృత్తులూ రెండూ ఉన్నాయి. ఎండు వరిగడ్డిని బొత్తిగా మానిపించారు. పచ్చగడ్డిని వేలెడంత ముక్కలు కాదు, గోరంత ముక్కలుగా తరగమన్నారు. పొడిదాణా ఏదైనా సరే గంజిలాగా నానిన తరువాతే తొట్టిలో పడాలి. లేకపోతే పళ్ళు లేని గుర్రం దాన్ని మింగి గొంతులో అడ్డుపడి చస్తుంది.

చివరికి మిగిలింది నూనె. సామెత చెప్పిన నువ్వులు ఈ విధంగా వచ్చాయి. గుర్రానికి పిత్తాశయం లేదు. పైత్యరసం నిలువ ఉండక నిరంతరం కారుతూనే ఉంటుంది. నూనెను నెమ్మదిగా అలవాటు చేస్తే బాగా అరిగించుకొంటుంది. పిండిపదార్థంతో వచ్చే ముప్పు లేకుండా గుప్పెడు మేతలో రెట్టింపు బలం చేరుతుంది. రెండు చెంచాలతో మొదలుపెట్టి, మూడు వారాల్లో రెండువందల మిల్లీలీటర్ల దాకా పెంచాలి. దానితోపాటు ఇ విటమిను ఇవ్వాలి. పొరుగామె సామెతలో సగం నిజమయింది. తక్కిన సగాన్ని, అంటే ఉలవలను గురించిన భాగాన్ని, ఆమె ఉపసంహరించుకోలేదు.

ఈ తీరప్రాంతంలో గుర్రం మేత కొత్త సమస్య కాదు. పదమూడవ శతాబ్ది చివర మార్కోపోలో ఇక్కడి రాజులు హోర్ముజు, ఏడెన్ వంటి రేవుల నుంచి ఏటా వేలకొలది గుర్రాలు తెప్పించుకొనేవారనీ, వాటికి మాంసంతో ఉడికిన అన్నం పెట్టేవారనీ, సంవత్సరం తిరిగేసరికి వందైనా మిగిలేవి కావనీ వ్రాశాడు. వాటికి వైద్యం తెలిసినవారు ఇక్కడికి రాకుండా వర్తకులే జాగ్రత్తపడేవారట. గుర్రం బ్రతికితే వ్యాపారం చస్తుంది గదా. కొద్దికాలం తరువాత పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ కూడా ఇక్కడివారు గుర్రాలకు వేయించిన యవలు, వెన్నతో వండిన గింజలు, కాచిన ఆవుపాలు పెట్టడాన్ని గురించి విస్తుపోతూ వ్రాశాడు. విదేశీయుల ఎగతాళిని యథాతథంగా స్వీకరించనక్కరలేదు. గడ్డి దొరకని వేడినేలలో కొవ్వుతో బలం చేకూర్చాలనుకోవడం తెలివితక్కువ ఆలోచన కాదు. తప్పంతా మోతాదులోనే ఉండి ఉంటుంది. విజయనగర కాలానికి ఈ అవసరం మరీ పెరిగింది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టంలో గుర్రాలనూ ఏనుగులనూ తెచ్చే వర్తకులను ఆదరించి రేవులను కాపాడుకోవాలని రాజుకు బోధించాడు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసం తెలుగులో వెలసినదంటే గుర్రాన్ని ఎరిగిన తెలుగు పాఠకులు ఉండేవారనే గదా.

అయితే ఈ వాఙ్మయమంతా పడుచు గుర్రాన్ని గురించినదే. ఎన్నిక, సుడులు, నడకలు, యుద్ధం, ఇవే దానిలోని విషయాలు. ముసలి గుర్రాన్ని గురించి స్పష్టంగా ఆలోచించినవాడు, ఆశ్చర్యమే గాని, కౌటిల్యుడు. అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని ప్రకరణంలో ఉత్తమాశ్వానికి ధాన్యం, ప్రస్థం కొవ్వు, ఉప్పు, మాంసం, పెరుగు లేదా పాలు అంటూ కొలతలు చెప్పిన ఆ కఠినాత్ముడు, యుద్ధంచేతనో, రోగంచేతనో, ముసలితనంచేతనో క్షీణించిన గుర్రాలకు పిండం, అంటే ప్రాణం నిలిపేపాటి తిండి, ఇవ్వాలని విధించాడు. వాటిని అమ్మమనలేదు, చంపమనలేదు. ఖజానాలో ప్రతి కాసుకూ లెక్క అడిగే గ్రంథంలో, ఏ రాబడీ లేని ఈ ఖర్చుకు పద్దు ఉన్నది. కోడలు ఈ సంగతి ఎరుగదు.

ఆ ఏటి మాసిమఖానికి చుక్క ఊరేగింపులో నడవలేదు. మేళం వినబడగానే చెవులు నిక్కించి, సాలలోనే నాలుగు అడుగులు ముందుకూ వెనుకకూ వేసింది. మణక్కుళ వినాయగర్ కోవెల ముందర గరిక మాలలు అమ్మేవారి వద్ద సాయంత్రానికి మిగిలిన గరికను మనుమడు తెస్తున్నాడు. దారాలు ఏరివేసి తరిగి వేస్తే, గుర్రం దానిని అన్నిటికంటె ఇష్టంగా తిన్నది. ఆ కోవెల ఏనుగు లక్ష్మి 2022 నవంబరు 30వ తేదీ ఉదయం వీథిలో నడుస్తూ నడుస్తూ కూలి మరణించినప్పుడు పట్టణమంతా కన్నీటితో వెంట నడిచింది. తాత కూడా నడిచాడు. ఏనుగుకు దేవుడున్నాడు, గుర్రానికి ఎవరున్నారని ఆయన ఆనాడు అన్నమాటను కోడలు అప్పుడప్పుడు ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

అసలు పరీక్ష ఏప్రిల్ 15న మొదలయింది. తూర్పు తీరంలో చేపలు గుడ్లుపెట్టే కాలమని జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు మరపడవలు కదలరాదు. ప్రభుత్వం ఇచ్చే భృతి వస్తుంది గాని, అది ఇంటి నోళ్ళను లెక్కించి ఇచ్చేది, సాలలోని నోటిని కాదు. ఆ రెండు నెలలూ కోడలు ఎండుచేపలు అమ్మింది. లూసర్న్ కొనడం మానుకొన్నారు. కాలువ గట్టున పెరిగే గడ్డిని వృద్ధుడే కోసి తెచ్చి, మోకాళ్ళు సహకరించకపోయినా కూర్చొని కత్తిపీట మీద గోరంత ముక్కలుగా తరిగాడు. అందుకు రోజూ రెండు గంటలు పట్టేది. ఉలవలు కిలో నుంచి ముప్పావుకు తగ్గాయి. నూనెను కూడా తగ్గిద్దామని ఆయన అన్నప్పుడు, కోడలు జవాబు చెప్పక, వంటింట్లోని నువ్వులనూనె డబ్బాను తెచ్చి సాల గూట్లో పెట్టింది. ఇంటి కూరలు ఆ నెల పామాయిలుతో వండుకొన్నారు.

“ఆ లారీవాడు మళ్ళీ వచ్చినాడంట గదా తాతా?” అని మనుమడు ఒకనాడు అడిగాడు.

“వచ్చినాడు. మీ అమ్మ మాట్లాడి పంపించింది” అన్నాడు ఆయన. ఏమి మాట్లాడిందో చెప్పలేదు.

మే నెల ఎండకు గుర్రం మళ్ళీ కొంత తగ్గింది. చెమటలో ఉప్పు పోతుందని దాణాలో రెండు చెంచాల ఉప్పు కలిపారు. ఒకవారం అసలు తొట్టి ముట్టలేదు. కారణం తెలియలేదు. తరువాత తనంతట తానే తిన్నది. జూన్ రెండవవారంలో పిల్లవాడు మళ్ళీ టేపు పట్టాడు. చుట్టుకొలత 146, బరువు 260. పద్నాలుగు కిలోలకు అయిదు నెలలు. తోకమొదటి గుంటలు పూడలేదు, పక్కటెముకలు మాత్రం వెనుకకు తగ్గాయి. మూడవ మెట్టు దాటదేమోనని, దాటనవసరం కూడా లేదని వైద్యురాలు చెప్పింది. ఆకురాయి పని మాత్రం ఆరు నెలలకొకసారి చేయవలసి ఉంటుంది.

నిషేధం ముగిసిన తెల్లవారుజామున పేటలోని మగవారంతా రేవుకు వెళ్ళిపోయారు. కొడుకు వెళ్ళాడు. వృద్ధుడు పొయ్యి రాజేసి ఉలవలు ఎక్కించాడు. చుక్క మొదటిపూట మేత ముగించి తొట్టి అడుగును పెదవులతో వెదుకుతూ ఉండగా కోడలు చీపురు పట్టుకొని వచ్చింది. ఆ ఉదయం రెండే ఉండలు దొరికాయి. ఒకదానిని కాలితో చిదిమి చూసి, “గడ్డి ఇంకా సన్నంగా తరగాల మామా” అని, గంప తీసుకొని రేవు వైపు వెళ్ళిపోయింది.